వెళ్లడానికా, రావడానికా?

పోయిన నెల ఒక రాత్రి పదకొండింటికి మా బావ ఫోన్ చేశాడు. ఆ వేళప్పుడు ఆయన నుంచి ఫోన్ వచ్చిందంటే కారణాలు రెండే. ఒంట్లో బాగాలేకపోవడం ఒకటి, ఎవరో తనని మోసం చేశారని అనుమానం రావడం ఇంకొకటి. ఈసారి రెండోది.

"ఏమోయ్, నెట్‌లో చూస్తే మేం వెళ్లే ఊరికి 12,000 కిలోమీటర్లు, 15 గంటల 24 నిమిషాలు అని ఉంది. టికెట్ మీద 23 గంటల 30 నిమిషాలు అని కొట్టాడు. మిగతా ఎనిమిది గంటలు ఎవడు మింగాడంటావ్?"

బావ ఉద్యోగమంతా అకౌంట్స్‌లో గడిచింది. జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు, కింద తేడా సున్నా రావాలి. రాకపోతే నిద్రపట్టదు. ఆ రాత్రి ఆయనకి ఏదో సర్ది చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ, తర్వాత నాకే నిద్రపట్టలేదు. ఎందుకంటే తప్పు టికెట్‌ది కాదు, బావదీ కాదు. రెండు విమానాశ్రయాల పేర్లు కొడితే ఒక దూరం, ఒక సమయం టక్కున చూపించే ఆ లెక్కది. దూరం వరకు నాకు పేచీ లేదు. పక్కన పెట్టే ఆ ఒక్క సమయం మాత్రం ఎందుకూ పనికిరాదని నా వాదన. దూరప్రయాణానికి ఒక సమయం ఉండదు. వెళ్లడానికొకటి, రావడానికొకటి, కనీసం రెండుంటాయి. అవి కూడా ఈ ఏడాదివి మాత్రమే.

ముందు ఆ 15 గంటల 24 నిమిషాలు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో చూద్దాం. రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుంటారు. భూమిని 6,371 కి.మీ. వ్యాసార్ధం ఉన్న నున్నటి బంతి అనుకుని, దాని ఉపరితలం మీద అతి దగ్గరి దారిని కొలుస్తారు. వచ్చిన దూరాన్ని గంటకు 500 మైళ్లతో, అంటే సుమారు 805 కిలోమీటర్లతో భాగిస్తారు. ఎక్కడానికీ దిగడానికీ ఒక అరగంట కలుపుతారు. అంతే. కావాలంటే 12,000ని 805తో భాగించి అరగంట కలిపి చూడండి, మా బావ లెక్క వచ్చేస్తుంది. ఇందులో గాలి లేదు, సరిహద్దు లేదు, మధ్యలో దిగడం లేదు, అసలు ఆ రెండు ఊళ్ల మధ్య నేరుగా విమానం ఉందా అన్న ప్రశ్న కూడా లేదు.

అయినా ఆ దూరాన్ని తీసిపారేయను. దానికి దాని అందం ఉంది. గోళం మీద రెండు బిందువుల మధ్య దగ్గరి దారి మహావృత్తం మీదుగా పోతుంది. పైలట్లు గ్రేట్ సర్కిల్ అనేది దీన్నే. ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ మీద ఒక కొస, అలాస్కాలోని యాంకరేజ్ మీద ఇంకో కొస పెట్టి బిగించి లాగండి. రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, 60 డిగ్రీల ఉత్తరానికి కాస్త పైన. గోడ మీది పటంలో చూస్తే ఒకటి కుడివైపు, ఒకటి ఎడమ చివర. అక్షాంశం వెంబడే పోతే సుమారు 9,500 కి.మీ. దారం మాత్రం అటు పోదు. సరాసరి ఉత్తర ధ్రువం దగ్గరికి జారిపోతుంది. అలా కొలిస్తే 6,500 కి.మీ. మాత్రమే. మూడు వేల కిలోమీటర్ల తేడా కేవలం పటం వల్ల మన కళ్లకు పట్టిన భ్రమ. 1569లో పటాల నిపుణుడు మెర్కేటర్ ఆ పటం గీసింది ఓడ నడిపేవాళ్ల కోసం. దిక్సూచి ఒకే దిక్కు చూపిస్తుండగా పోయే దారి సరళరేఖగా కనిపించాలన్నది ఆయన అవసరం. దూరాలు కొలుచుకోమని ఆయనేం చెప్పలేదు.

ఈ దూరానికి ఒక గరిష్ఠ హద్దు కూడా ఉంది. భూమి చుట్టుకొలతలో సగం, అంటే దాదాపు 20,000 కి.మీ. అంతకు మించి దూరంలో ఏ రెండు విమానాశ్రయాలూ ఉండవు. మాడ్రిడ్, వెల్లింగ్టన్ ఇంచుమించు ఒకదాని అడుగున ఒకటి ఉంటాయి. వాటి మధ్య 19,800 కి.మీ. పైచిలుకు. ఇక్కడ ఒక తమాషా ఉంది. సరిగ్గా ఎదురుబొదురు బిందువులైతే ఏ దిక్కుగా బయల్దేరినా దూరం ఒకటే. తూర్పుగా పోయినా, పడమరగా పోయినా, ధ్రువం మీదుగా పోయినా అంతే. అంటే అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు ఊళ్ల దగ్గరికి వచ్చేసరికి "అతి దగ్గరి దారి" అన్న మాటకే దాదాపు అర్థం పోతుంది. దూరం తెలుస్తుంది, దారి తెలియదు. దారి తెలియనప్పుడు గంటలు ఎలా తెలుస్తాయి?

ఇక గాలి దగ్గరికి వద్దాం. బావ లెక్కలో పెద్ద చిల్లు ఇక్కడే.

విమానం నేలను పట్టుకుని నడిచేది కాదు. గాలిలో ఈదేది. ఏట్లో పడవలాంటిది. పడవ వేగం నీటితో పోల్చి ఒకటి, ఒడ్డుతో పోల్చి ఇంకొకటి. ఇప్పటి పెద్ద విమానాలు ధ్వనివేగంలో 85 శాతం దాకా పోతాయి. ఆ ఎత్తులో చలి మైనస్ 56 డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి ధ్వనే నెమ్మదిస్తుంది. ఆ లెక్కన గంటకు 900 కి.మీ. చిల్లర. ఇది గాలితో పోల్చిన వేగం. ఆ గాలే కదులుతుంటే? తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి పరుగెత్తే గాలి నదుల్ని జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకు 150, 200 కి.మీ. వేగం వాటికి మామూలు విషయం. చలికాలంలో 400 దాటడమూ ఉంది. 1920లలో జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసబురో ఒయిషి బెలూన్లు వదిలి ఈ గాలుల్ని కొలిచాడు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో ఆ నివేదికను, అన్ని దేశాలవాళ్లకీ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన ఎస్పెరాంటో భాషలో ప్రచురించాడు. పాపం, ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ మీదికి వెళ్లిన అమెరికన్ బాంబర్లకు ఆ గాలులు స్వయంగా ఎదురై పాఠం చెప్పాయి.

ఈ మాట ఎత్తగానే ఎవరో ఒకరు "భూమి తిరుగుతుంది కదండీ, అందుకే తేడా" అంటారు. అది నిజం కాదు. కదులుతున్న బస్సులో నిలబడి పైకి ఎగిరితే వెనక సీట్లో పడతామా? భూమితో పాటు వాతావరణం కూడా తిరుగుతుంది. ఈ గాలులు పుట్టేది భూమధ్యరేఖకీ ధ్రువాలకీ మధ్య ఉన్న వేడి తేడా వల్ల. వాటిని తూర్పుకి మళ్లించే పని మాత్రం భూభ్రమణానిది. అంతవరకే దాని పాత్ర.

గాలి ఎంత పని చేస్తుందంటే, 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి తోసుకుంటూ పోతే బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా ఆరు గంటల పైన పట్టే దారి. నేలతో పోల్చి దాని వేగం ఒక దశలో గంటకు 1,300 కి.మీ. దాటింది. అయినా అది ధ్వనివేగం దాటినట్టు కాదు, ఎందుకంటే చుట్టూ ఉన్న గాలితో పోల్చితే అది ఎప్పటి వేగంతోనే పోతోంది. ఆ రాత్రే లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లినవాళ్ల సంగతి మాత్రం వార్తల్లోకి రాలేదు. కిలోమీటర్లు వాళ్లకీ అవే.

"వెళ్లేటప్పుడు పోయింది వచ్చేటప్పుడు వస్తుంది, చెల్లుకు చెల్లు" అన్నాడు బావ, నేను మర్నాడు ఇదంతా చెబితే. అకౌంటెంట్ బుద్ధి. కానీ చెల్లదు. 9,000 కి.మీ. దారి అనుకుందాం. గాలి లేకపోతే గంటకు 900 చొప్పున పోను పది, రాను పది, మొత్తం ఇరవై గంటలు. ఇప్పుడు గంటకు 150 కి.మీ. గాలి పెట్టండి. ఎదురుగాలిలో వేగం 750, సమయం 12 గంటలు. వెనుక గాలిలో వేగం 1,050, సమయం 8 గంటల 34 నిమిషాలు. మొత్తం 20 గంటల 34 నిమిషాలు. అరగంట పైన ఎగిరిపోయింది. ఎదురుగాలిలో గడిపే గంటలే ఎక్కువ కాబట్టి దాని దెబ్బ ఎక్కువసేపు తగులుతుంది, వెనుక గాలి సాయం తక్కువసేపు అందుతుంది. ఈ లెక్క బావ కాగితం మీద మూడుసార్లు వేశాడు. మూడోసారి "నిజమేనోయ్" అన్నాడు. ఆ మాట ఆయన నోట విని నాకు ఎన్నేళ్లయిందో.

గాలి కోసం దారినే మార్చేసిన ఉదాహరణ ఒకటి నాకు మరీ ఇష్టం. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి మహావృత్తం మీద కొలిస్తే 12,400 కి.మీ. లోపే. ఎయిర్ ఇండియా మొదట పడమరగా, అట్లాంటిక్ మీదుగా నడిపింది. 2016 అక్టోబరులో తూర్పుగా, పసిఫిక్ మీదుగా తిప్పి చూసింది. ఆ దారి సుమారు 15,300 కి.మీ., పాత అట్లాంటిక్ దారికంటే దాదాపు 1,400 కి.మీ. ఎక్కువ. కానీ పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాతదానికంటే రెండు గంటలు ముందుగా. చుట్టుదారి పట్టి ముందు చేరడం! దూరాన్ని వేగంతో భాగించే లెక్క దీన్ని ఎలా చెబుతుంది? దాని దృష్టిలో ఆ పైలట్లు దారితప్పినవాళ్లు.

గాలి కాకపోతే మనుషులు. ఫిన్లాండ్ విమాన సంస్థ ఫిన్‌ఎయిర్ వ్యాపారం ఒకప్పుడు ఒకే ఒక్క భౌగోళిక సత్యం మీద నిలబడింది: యూరప్ నుంచి తూర్పు ఆసియాకి దగ్గరి దారి హెల్సింకీ మీదుగా, రష్యా మీదుగా పోతుంది. హెల్సింకీ నుంచి టోక్యోకి సుమారు 7,800 కి.మీ., తొమ్మిదిన్నర గంటలు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలై రష్యా గగనతలం మూసుకుపోయింది. మార్చిలో మళ్లీ టోక్యో సర్వీసు నడిపినప్పుడు ఉత్తర ధ్రువం మీదుగా తిరగాల్సి వచ్చింది. పదమూడు గంటలు. ధ్రువం దాటినట్టు ప్రయాణికులకు సర్టిఫికెట్ ఇచ్చారు. బోడిగుండుకి తలపాగాలాగ ఉంది గానీ, పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు. ఆ రెండు విమానాశ్రయాలు అంగుళం కూడా జరగలేదు. మహావృత్త దూరంలో ఒక్క కిలోమీటరు మారలేదు. మూడున్నర గంటలు మాత్రం పుట్టుకొచ్చాయి.

గాలి, సరిహద్దు రెండూ ఒకేసారి పట్టుకున్న సంఘటన కావాలంటే ఆస్ట్రేలియాలోని పెర్త్, లండన్ మధ్య చూడండి. ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ 2018 మార్చిలో మొదలుపెట్టిన నాన్‌స్టాప్ సర్వీసు అది. 14,500 కి.మీ., సుమారు పదిహేడు గంటలు. 2024 ఏప్రిల్‌లో ఇరాన్ చుట్టుపక్కల ఉద్రిక్తత వల్ల ఆ ఆకాశాన్ని తప్పించుకోవాల్సి వచ్చింది. దారి కొంచెం పెరిగింది. ఆ కొంచెం చాలు. పెర్త్ నుంచి వెళ్లే విమానానికి ఎదురుగాలి, ఇంధనం అంచు మీద ఉంటుంది. దాంతో సింగపూర్‌లో దిగి ఇంధనం నింపుకుని వెళ్లింది. లండన్ నుంచి పెర్త్‌కి తిరిగొచ్చేది మాత్రం గాలి వెనక నుంచి తోస్తుంటే ఎక్కడా ఆగకుండానే వచ్చింది. అవే రెండు ఊళ్లు, అదే రకం విమానం, అదే వారం. ఒకవైపు నాన్‌స్టాప్, ఒకవైపు కాదు. నా వాదన మొత్తానికి ఈ ఒక్క ఉదాహరణ చాలనుకుంటాను. "పెర్త్ లండన్ మధ్య ఎన్ని గంటలు?" అని అడిగితే ఆ వారం సరైన జవాబు "వెళ్లడానికా, రావడానికా?" అన్న ఎదురు ప్రశ్నే.

యంత్రం సంగతి కూడా ఒక మాట. 1943 నుంచి 1945 దాకా పెర్త్‌కీ సిలోన్‌కీ (ఇప్పటి శ్రీలంక) మధ్య కాటలీనా నీటి విమానాలు తిరిగేవి. ఐదున్నర వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. 27 నుంచి 33 గంటలు గాల్లోనే. ఒక ప్రయాణంలో రెండు సూర్యోదయాలు చూసేవారు. ఇప్పుడు సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి దానికి రెండున్నర రెట్లకు మించిన దూరం, 15,300 కి.మీ. పైన, పద్దెనిమిది గంటల చిల్లరలో పోతున్నారు. 1947లో సిడ్నీ నుంచి లండన్‌కి క్వాంటాస్ కాన్‌స్టలేషన్ విమానం ఆరు చోట్ల ఆగుతూ నాలుగు రోజులు తీసుకుంది. ఆ 17,000 కి.మీ. దారినే, తిరుగు దిశలో, 2019 నవంబరులో ప్రయోగాత్మకంగా కొద్దిమందితో లండన్ నుంచి సిడ్నీకి 19 గంటల 19 నిమిషాల్లో ఎగిరారు. మామూలు ప్రయాణికుల నిండు విమానంతో ఆ పని చేయడం వేరే కథ.

టికెట్ మీది సమయాన్ని కూడా నేను వేదంగా తీసుకోను. అది గాల్లో ఉండే సమయం కాదు. చక్రాల కింది దిమ్మెలు తీసి గేటు వదిలినప్పటి నుంచి ఇంకో గేటు దగ్గర మళ్లీ దిమ్మెలు పెట్టేదాకా. బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దగ్గర క్యూ, దిగే ముందు ఆకాశంలో చక్కర్లు అన్నీ అందులోనే. పైగా ఆలస్యమైందన్న చెడ్డపేరు రాకుండా సంస్థలు కాస్త వదులుగా కుట్టుకుంటాయి, ఎదిగే పిల్లాడి చొక్కాలాగ. 2018 అక్టోబరులో సింగపూర్ ఎయిర్‌లైన్స్ న్యూయార్క్ పక్కనున్న న్యూవార్క్‌కి సర్వీసు మళ్లీ మొదలుపెట్టినప్పుడు టైమ్‌టేబుల్లో పద్దెనిమిది గంటల ముప్పావు ఉంటే, మొదటి విమానం పద్దెనిమిది గంటల లోపే చేరిపోయింది. ఇంచుమించు గంట ముందే. ఆ గంట ఎవరి ఖాతాలో వెయ్యాలి బావా?

గడియారాల గొడవ జోలికి ఎక్కువ పోను. సమోవాలోని అపియా నుంచి అమెరికన్ సమోవాలోని పాగోపాగోకి ముప్పావుగంట కూడా పట్టదు, కానీ దిగేసరికి నిన్నటి తేదీ. మధ్యలో తేదీ రేఖ ఉంది. బోర్డింగ్ పాస్ మీది రెండు సమయాల్ని తీసివేసి ప్రయాణ సమయం కనుక్కునేవాళ్లు అక్కడ ఇరవై మూడు గంటల పైచిలుకు కాలాన్ని లాభంగా చూపించాల్సి వస్తుంది.

అసలు బావ అడిగిన ఎనిమిది గంటల్లో ఎక్కువ భాగం వీటిలో వేటివల్లా కాదు. మధ్యలో దిగడం వల్ల. ప్రపంచంలో దూరదూరపు విమానాశ్రయాల జంటల్లో చాలావాటి మధ్య నేరు విమానం లేదు. వాటికి "ప్రయాణ సమయం 15 గంటలు" అని చూపించడమంటే, వంతెన లేని ఏటికి "అవతలి ఒడ్డుకి నడక నాలుగు నిమిషాలు" అని బోర్డు పెట్టడమే. ఇది నాకు అనుభవం మీద తెలిసింది. కొన్నేళ్ల కిందట, మొత్తం గంటలు తక్కువ చూపిస్తోందని, మధ్యలో 55 నిమిషాల వ్యవధి మాత్రమే ఉన్న టికెట్ కొన్నాను. కాగితం మీద 17 గంటలు. మొదటి విమానం నలభై నిమిషాలు ఆలస్యంగా దిగింది. నేను పరుగెత్తిన పరుగు ఇప్పటికీ మోకాళ్లకు గుర్తుంది. గేటు దగ్గరికి చేరేసరికి అద్దం అవతల విమానం ఉంది, తలుపు మూసేశారు. కౌంటర్ దగ్గరమ్మాయి చిరునవ్వుతో తర్వాతి విమానం పదమూడు గంటల తర్వాత అంది. గమ్యం చేరేసరికి ముప్పై ఒక్క గంటలు. ఆ పదమూడు గంటలు ఒక స్తంభం పక్కన ఛార్జర్‌కి వేలాడుతూ గడిపినవాడికి మహావృత్తం గురించి భక్తి మిగలదు. అప్పటి నుంచి మధ్యలో మూడు గంటలు లేని టికెట్ కొనను. "అంతసేపు ఏం చేస్తావు?" అంటారు. కూర్చుంటాను.

నా మాటకి ఎదురుచెప్పేవాళ్లు లేకపోలేదు. "ఉరమరగా ఒక అంచనా కావాలి, దానికింత రాద్ధాంతమా?" అంటారు. అంచనాకి కిలోమీటర్లు చాలు. కిలోమీటరు నిజాయతీగలది, తాను దూరమేనని చెబుతుంది, సమయమని చెప్పుకోదు. దానికి చట్టంలో కూడా విలువుంది. యూరోపియన్ యూనియన్‌లో 2004 నాటి 261వ నిబంధన ప్రకారం విమానం రద్దయితే ఇచ్చే పరిహారాన్ని మహావృత్త దూరాన్ని బట్టే లెక్కగడతారు. 1,500 కి.మీ. లోపు 250 యూరోలు, ఆ పైన 400, 3,500 దాటిన సుదూర ప్రయాణాలకు 600. మధ్యలో ఎక్కడ దిగి ఎక్కినా సరే, మొదటి ఊరికీ చివరి ఊరికీ మధ్య దూరమే లెక్క. డబ్బు పంచడానికి గాలితో, యుద్ధాలతో మారని కొలత కావాలి కదా, అది సబబే. నా పేచీ అదే కొలతను గంటల్లోకి మార్చి, నిమిషాలతో సహా చూపించడంతోనే. "15 గంటల 24 నిమిషాలు" అన్నదాంట్లో ఆ 24 నిమిషాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 15 దగ్గరే దిక్కులేదు, 24 ఎక్కడిది? ఆ చివరి నిమిషాలే కదా మా బావలాంటి లెక్కల మనిషిని నమ్మించింది. "14 నుంచి 17, వెళ్లే దిక్కును బట్టి, నేరు విమానం ఉంటే" అని రాసి ఉంటే ఆయన రాత్రి పదకొండింటికి హాయిగా పడుకునేవాడు.

బావ, అక్క వెళ్లి మొన్ననే తిరిగొచ్చారు. నిన్న వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో పంపాడు. నిలువు గీతలు గీసి, రెండు వరుసలు. పోను: మొదటి విమానం 7 గంటల 40 నిమిషాలు, నిరీక్షణ 5 గంటలు, రెండోది 10 గంటల 50 నిమిషాలు, వెరసి 23 గంటల 30 నిమిషాలు. రాను: 9 గంటల 10 నిమిషాలు, నిరీక్షణ 4 గంటలు, 7 గంటల 10 నిమిషాలు, వెరసి 20 గంటల 20 నిమిషాలు. నిరీక్షణలు విడిగా తీసి, ఎగిరిన గంటలు మాత్రం కింద ఒకదానిలోంచి ఒకటి తీసివేశాడు. తేడా 2 గంటల 10 నిమిషాలు. ఆ అంకె కింద రెండు గీతలు కొట్టి, పక్కన ఎర్ర సిరాతో రాశాడు: "గాలి ఖాతా."